వెనక్కి తోలిన కారు

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ముందూ వెనకా తారుమారు కావచ్చు. ఈ మధ్య స్టవ్ మీద పాలు పెట్టిన సంగతి కూడా, అవి పొంగి మాడు వాసన వస్తే గానీ గుర్తు రావడం లేదు. అందుకే గుర్తున్నప్పుడే రాసిపెడుతున్నాను. ఇది మా తమ్ముడి సంగతి. ఆ రోజు నేను అక్కడ లేను. మెకానిక్ చెప్పింది కొంత, టీకొట్టు ఆవిడ చెప్పింది కొంత, మిగతాది వాడే చెప్పాడు. వాడు చెప్పిన దాంట్లో సగం కొట్టేశాను. మిగిలిన సగానికి నా పూచీ లేదు.

వీధిలో వాడిని అందరూ సీట్లాయన అంటారు. కార్లకి సీటు కవర్లు కుట్టడం మా నాన్న పని, ఆయన తర్వాత వాడి పని. నేనూ ఇక్కడ సీట్లాయన అనే రాస్తాను. తమ్ముడు అని రాస్తే వాడిని వెనకేసుకొస్తానేమోనని భయం.

ఆ ఉదయం సీట్లాయన టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు గానీ కూర్చున్నట్టు లేడు. ఒక తొడ బల్ల మీద, ఒక తొడ గాల్లో. గ్లాసు ఎత్తుతాడు, తాగడు, దించుతాడు. వీధి మలుపులో హారన్ వినిపిస్తే చాలు, ముళ్ళ మీద కూర్చున్నవాడిలా లేస్తాడు. వచ్చింది పాల వ్యాను. మళ్ళీ కూర్చున్నాడు.

సంగతేమిటంటే, కూతురు కారు కొనుక్కుంది. మా ఇంటా వంటా అదే మొదటి కారు. గంట క్రితం ఫోన్ చేసింది. "నాన్నా, బండి చేతికిచ్చేశారు. మన వీధి మలుపు దాకా నేను తోలుకొస్తాను. అక్కడి నుంచి ఇంటికి నువ్వే తేవాలి. మొదటిసారి మన గుమ్మం ముందుకి నువ్వు తెస్తేనే నాకు తృప్తి."

"దానికేం భాగ్యం తల్లీ" అనేశాడు సీట్లాయన.

అనేశాక ఫోన్ వైపు చూస్తూ ఉండిపోయాడట. ఎందుకంటే సీట్లాయనకి కారు తోలడం రాదు. నలభై ఏళ్ళుగా ఎన్ని వందల కార్లకి సీట్లు కుట్టాడో, ఒక్కదాన్నీ జానెడు దూరం కదిలించి ఎరగడు. కానీ కూతురికి బుద్ధి తెలిసినప్పటి నుంచి అన్నం ముద్దతో పాటు తన మొదటి కారు కథలే తినిపించాడు. ఆ పిల్ల వాటిని అక్షరమక్షరం నమ్మింది. ఇప్పుడు వచ్చి, పదిమంది ముందూ తాళం చేతిలో పెడుతుంది. ఆలోపు ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవాలి, లేదా నిజం చెప్పేయాలి. రెండిట్లో ఏది తేలికో తేల్చుకుందామని టీకొట్టుకి వచ్చాడు. అయితే, నోరు అనేది వాడి చెప్పుచేతల్లో ఎప్పుడుంది గనక!

"ఏంటన్నయ్యా, టీ చల్లారిపోతోంది" అంది టీకొట్టు ఆవిడ.

"చల్లారనీయమ్మా. వేడిది తాగితే చెయ్యి వణుకుతుంది. కాసేపట్లో కారు తోలాల్సిన చెయ్యి."

అంతే, జారిపోయింది మాట. పక్క షెడ్డులోంచి మెకానిక్, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. ఎదురుగా రిటైరైన కండక్టరు. ముప్ఫై ఏళ్ళు బస్సులో అందరి అబద్ధాలూ విన్న మనిషి. సగం టిక్కెట్టు కోసం పన్నెండేళ్ళ పిల్లల్ని అయిదేళ్ళ వాళ్ళని చేసినవాళ్ళని ఎందరిని చూశాడో!

"నువ్వే తోలుతావట కదా మామయ్యా" అన్నాడు మెకానిక్. "నీకు తోలడం వచ్చని నాకు తెలియనే తెలియదే. నా షెడ్డులో ఎప్పుడూ వెనక సీట్లోనే కనిపిస్తావు, సూది పట్టుకుని."

"ఏనుగులు తోలినవాడు దూడని తోలుతూ కనిపిస్తాడేంటయ్యా" అన్నాడు సీట్లాయన. రెండో తొడ కూడా బల్ల మీదికి వచ్చింది. "నా మొదటి కారు నా పద్దెనిమిదో ఏట. గొప్పకి చెప్పడం లేదు, తుక్కు కారు. ఎవరో సీట్లు మార్పించడానికని మా నాన్న కొట్టు వెనక పెట్టి మళ్ళీ తొంగి చూడలేదు. చక్రాల చుట్టూ గడ్డి, లోపల పిల్లి, పిల్లికి నాలుగు పిల్లలు. నేనేం చేశాను? పిల్లిని బతిమాలి దింపాను, చిన్న కన్నంలో నాలుగు చుక్కలు నూనె వేశాను, వదులైన బెల్టు బిగించాను, స్టార్టయింది. అంతే."

"అంతేనా?" అన్నాడు కండక్టరు, నిరాశగా.

ఇక్కడి దాకా ఎవరైనా నమ్మేదే. నాన్న కొట్టు వెనక తుక్కు కారు ఉండేది, నిజం. పిల్లీ నిజమే, పిల్లలు మాత్రం మూడు. కారు స్టార్టవడం ఒక్కటే నేను చూడలేదు.

మలుపులో మళ్ళీ హారన్. సీట్లాయన లేచాడు. గ్యాస్ సిలిండర్ల బండి. కూర్చున్నాడు. చెప్పేద్దాం, ఇప్పుడే చెప్పేద్దాం, ఈ ముగ్గురికీ చెబితే నాలుగోసారి కూతురికి చెప్పడం తేలికవుతుంది అనుకున్నాడట లోపల. పైకి మాత్రం, "అంతే అనుకుంటే అంతే. కానీ ఆ కారుతో నేను ఎవరి పొగరు దించానో తెలియాలి కదా మీకు" అన్నాడు.

"తెలియాలి, తెలియాలి" అంది టీకొట్టు ఆవిడ, ఇంకో టీ పోస్తూ.

"స్కూలు పెద్దాయన కారుకి మా నాన్న సీట్లు కుట్టాడు. ఆయన అందులో కూర్చుని మురిసిపోయి, నాకు స్కూల్లో సీటిచ్చాడు. సీటుకి సీటు! అదెలాంటి స్కూలనుకున్నారు? పొద్దున్నే గేటు ముందు కార్లు ఆ చివర నుంచి ఈ చివరకి. నేనొక్కణ్ణే నడిచొచ్చేవాణ్ణి, వాచ్‌మన్ నన్ను రోజూ ఎవరి పనివాడివని అడిగేవాడు. మా క్లాసులో ఇద్దరుండేవాళ్ళు. ఒకడు గొడుగు. మిల్లు వాళ్ళబ్బాయి. వాడు కారు దిగితే క్లాసు గది పదిహేను అడుగులు. ఆ పదిహేను అడుగులకీ గొడుగు పట్టుకుని పక్కనే ఒక మనిషి. ఎండ ఉన్నా గొడుగే, వాన ఉన్నా గొడుగే, రెండూ లేకపోయినా గొడుగే. రెండోవాడు తలుపు. సినిమా హాలు వాళ్ళబ్బాయి. వాడు పుట్టాక ఒక్క తలుపూ తన చేత్తో తీసి ఎరగడు. ఓసారి డ్రైవరు వాడిని దించడం మర్చిపోయి టిఫినుకి పోతే, వీడు కార్లోనే కూర్చున్నాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా! హాజరు వేయడానికి మాస్టారే పుస్తకం పట్టుకుని కారు దగ్గరకి వెళ్ళాడు."

"మరి వాడికి ఆకలేయలేదా?" అంది టీకొట్టు ఆవిడ.

"కిటికీ అద్దం దించడమైనా వస్తే కదమ్మా, అడగడానికి!"

ముగ్గురూ నవ్వారు. సీట్లాయన కూడా నవ్వి, గ్లాసు అడుగున ఉన్న టీ మరక వైపు చూస్తూ అన్నాడు. "నా పుస్తకాల సంచీ మా నాన్న కుట్టాడు. మిల్లు వాళ్ళ కారు సీట్లకి వేయగా మిగిలిన రెగ్జిన్. ఎర్రది. గొడుగు గుర్తుపట్టేశాడు. 'అది మా కారు ముక్క' అన్నాడు, క్లాసంతా వింటుండగా."

ఆ మాట దగ్గర గొంతు ఒక మెట్టు దిగింది. వెంటనే గొంతు నాలుగు మెట్లు ఎక్కింది.

"పద్దెనిమిది నిండగానే ఇద్దరికీ ఇంట్లో కార్లు కొనిపెట్టారు. గొడుగుకి తెల్ల కారు తెస్తే, తన చొక్కాల పక్కన నప్పలేదని రెండు రోజులు అన్నం మానేశాడు. చొక్కాలు మార్చలేదు, కారు మార్చారు! ఇద్దరూ కొత్త కార్లు వేసుకుని మా కొట్టు ముందుకొచ్చి, 'ఏరా, మా ముక్కలతో బండి కట్టుకున్నావట, నీళ్ళ ట్యాంకు మిట్ట ఎక్కించు చూద్దాం' అన్నారు. మిట్ట అంటే మిట్ట కాదది, గోడ! దాని మీదికి చీమ ఎక్కాలన్నా మధ్యలో రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకోవాలి. సరే పదండి అన్నాను. కూర్చున్నాను. రెండు పాదాలూ పెడల్ మీద పెట్టాను."

"రెండూ ఒకే పెడల్ మీదా?" అన్నాడు మెకానిక్.

"రెండూ ఒకే పెడల్ మీదే. ఒక్క కాలితో తోలేది బద్ధకస్తులు. కుడిచేత్తో చక్రాన్ని ఒక్క తోపు తోశాను. ఇక చూస్కో, మడమ, మునివేళ్ళు, మడమ, మునివేళ్ళు, టకటకటకటక అందుకుంది బండి."

"మరి క్లచ్చు?"

"నువ్వు ముందు కథ విను. అయితే ఆ తొందరలో ఏం చేశానంటే, చక్రాన్ని నా వైపుకి తోయాల్సింది పోయి అవతలి వైపుకి తోశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"బండి వెనక్కి బయల్దేరింది! ఆపుదామంటే ఆగదు. ఆగదు గాక, ఆగదు. సరే, వెనక్కే పోదాం, మిట్టకి తెలుస్తుందా ఏం, నేను ముందుకి ఎక్కుతున్నానో వెనక్కి ఎక్కుతున్నానో? తల వెనక్కి తిప్పుకుని కూర్చున్నాను. మొదటి మలుపులో గొడుగుని దాటాను. ఆ గాలికి వాడి పక్కనున్న మనిషి చేతిలో గొడుగు తిరగబడి, ఆ మనిషితో సహా పైకి లేచింది. అతను దిగింది ఎక్కడో తెలుసా? పక్క ఊళ్ళో. అక్కడే పెళ్ళి చేసుకుని స్థిరపడ్డాడు, ఇద్దరు పిల్లలు."

"ఆహా!" అన్నాడు కండక్టరు. "తిరుగు టిక్కెట్టు తీసుకోలేదన్నమాట."

"రెండో మలుపులో తలుపుని దాటాను. ఆ విసురుకి వాడి కారు తలుపులు నాలుగూ వాటంతటవే తెరుచుకున్నాయి. జీవితంలో మొదటిసారి వాడు ఎవరి సాయమూ లేకుండా కారు దిగాడు. నన్ను పట్టుకుని ఏడ్చాడు, సంతోషంతో."

"నువ్వు కార్లో పోతున్నావు కదా మామయ్యా, ఎలా పట్టుకున్నాడు?"

"పరిగెత్తుతూ పట్టుకున్నాడు. ఏం, ధనవంతుల పిల్లలు పరిగెత్తరా? అసలు సంగతి అది కాదు. బండి వెనక్కి పోతోందా, కిలోమీటర్ల మీటరు కూడా వెనక్కి తిరుగుతోంది! లక్షా పదివేలు, లక్ష, తొంభై వేలు. మీటరు తగ్గే కొద్దీ బండి కొత్తదవుతోంది. తుప్పు రాలిపోతోంది, సొట్టలు టప్పుమని బయటికొస్తున్నాయి, చిరిగిన సీట్లు వాటంతటవే కుట్టుకుంటున్నాయి. మా నాన్న వేసిన కుట్టు, ఆయన కంటే ముందు ఎవడో వేసిన కుట్టు, కంపెనీ కుట్టు, ఒకదాని తర్వాత ఒకటి. మిట్ట మీదికి చేరేసరికి మీటరు సున్నా. లోపల కొత్త కారు వాసన గుప్పున కొట్టింది. ఎదురుగా షోరూమ్ ఆయన పరుగున వచ్చి, 'అయ్యో బాబూ, ఈ బండి మేమింకా అమ్మనే లేదే' అన్నాడు!"

టీకొట్టు ఆవిడ గిన్నెలో పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. చూసుకోలేదు. సీట్లాయన లేచి నిలబడ్డాడు. వీపు మలుపు వైపుకి తిరిగింది గానీ, చెవులు హారన్ కోసం నిక్కబొడుచుకుని ఉన్నాయి. హారన్ లేదు. కథ ఆపితే ఆ నిశ్శబ్దంలో ఏమొచ్చి పడుతుందోనని ఆపడానికి భయం.

"ఆ షోరూమ్ ఆయన నన్ను చూసి, 'నీ వెనక పెద్దవాళ్ళెవరూ లేరా నాన్నా' అన్నాడు. అప్పుడు అద్దంలో చూసుకున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా మీసం లేదు! బండితో పాటు నేనూ వెనక్కొచ్చేశాను. చూస్తుండగానే చొక్కా వదులైపోతోంది, కాళ్ళు పొట్టివవుతున్నాయి. పదేళ్ళ వాణ్ణయిపోయాను!"

"బ్రేకు వేయలేకపోయావా?" అన్నాడు కండక్టరు.

"బ్రేకు ఎక్కడుంది ఆ బండికి! నాకు ఎనిమిదేళ్ళొచ్చాక పాదాలు పెడల్ అందలేదు. అదే ఆగింది."

కండక్టరు లేచి, భుజం మీది తువ్వాలు తీసి, సీట్లాయన భుజం మీద వేశాడు. "సన్మానం" అన్నాడు. "ఇంతకీ మళ్ళీ ఇంత పెద్దవాడివి ఎలా అయ్యావు?"

"ముందుకి తోలుకుంటూ దిగాను. రెండో మలుపు దగ్గర మీసం మొలిచింది. గొడుగు, తలుపు నా కాళ్ళ మీద పడి, 'ఒక్కసారి మమ్మల్ని కూర్చోబెట్టుకో' అని బతిమాలారు. నేనేమన్నాను? 'కూర్చోండి. ఎవరినీ దిగమనే అలవాటు మా ఇంట్లో లేదు' అన్నాను."

"కుడిచేత్తో చక్రం తోశావు."

ఈ మాట బల్ల మీద వాళ్ళెవరూ అనలేదు. వెనక నుంచి వచ్చింది. సీట్లాయన తిరిగి చూశాడు. టీకొట్టు పక్కనే కారు ఆగి ఉంది. కొత్త కార్లు ఎంత మెత్తగా వస్తాయో వాడికి తెలియదు, వాడు హారన్ల కోసమే విన్నాడు. కూతురు కారుకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో.

"రెండు పాదాలూ ఒకే పెడల్ మీద పెట్టావు" అంది. "మడమ, మునివేళ్ళు. చిన్న కన్నంలో నూనె వేశావు. బెల్టు బిగించావు. చక్రం అవతలి వైపుకి తోస్తే వెనక్కి తిరిగింది. నాన్నా, పదో తరగతి దాకా నేను దాని పక్కనే కూర్చుని చదువుకున్నాను. తోలడం నేర్చుకుని వింటేగానీ తెలియలేదు, నువ్వు తోలింది మన కుట్టుమిషను."

మెకానిక్ ముందు నవ్వాడు. ఆ తర్వాత టీకొట్టు ఆవిడ. కండక్టరు నవ్వు అయితే దగ్గులోకి దిగి మళ్ళీ పైకొచ్చింది. కూతురు మాత్రం నవ్వలేదు. అది చూసి ఒక్కొక్కరూ ఆపేశారు.

"డ్రైవింగ్ నేర్చుకునేటప్పుడు ప్రతిరోజూ మలుపు దగ్గర నా బండి ఆగిపోయేది" అంది కూతురు. "మా నాన్న తుక్కు కారుని వెనక్కి మిట్ట ఎక్కించాడు, నేనీ మలుపు తిప్పలేనా అనుకునేదాన్ని. ఆఫీసులో అందరికీ చెప్పాను కూడా. అయితే ఆ కారే లేదన్నమాట."

"కారు ఉంది" అన్నాడు సీట్లాయన. "పిల్లి కూడా ఉంది."

"తోలావా?"

భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టాడు. అది రెండు మడతలు అయ్యాక మూడోది, మూడయ్యాక నాలుగోది. ఇక మడవడానికి లేకపోయింది.

"లేదు తల్లీ. ఒక్కసారి కూడా."

"ఎందుకు నాన్నా? చుట్టూ అన్నీ కార్లే కదా. ఎవరినడిగినా నేర్పేవాళ్ళు."

"ఒకసారి కూర్చున్నాను" అన్నాడు. కోతలు కోసేటప్పటి గొంతు కాదది, మెకానిక్ గుర్తుపట్టలేకపోయాడట. "మిల్లు వాళ్ళ కారుకి సీట్లు బిగించడానికి నాన్న నన్ను పంపాడు. ముందు సీటు కుట్టింది నేనే, నా మొదటి సీటు. బిగించాక డ్రైవరు సీట్లో కూర్చుని చూశాను. ముడతలొస్తున్నాయేమో కూర్చుంటేనే కదా తెలిసేది. వాళ్ళబ్బాయి, ఆ గొడుగే, వచ్చి 'దిగు' అన్నాడు. దిగాను. నేను దిగాక పనివాణ్ణి పిలిచి సీటు తుడిపించాడు. నేను కుట్టిన సీటే."

టీకొట్టు ఆవిడ స్టవ్ తగ్గించింది.

"అప్పటి నుంచి స్టీరింగు ముందు కూర్చుంటే, వెనక నుంచి ఎవరో వస్తున్నట్టే ఉంటుంది. అందుకని వెనక సీట్లోంచే పని కానిచ్చేవాణ్ణి. నీకు చెప్పాల్సింది. మొదటిసారి కోత కోసినప్పుడు నీకు మూడేళ్ళు, నవ్వావు. నవ్వితే ఎవడు ఆపుతాడు?"

కూతురు కారు చుట్టూ తిరిగి వెళ్ళి డ్రైవరు వైపు తలుపు తెరిచి పట్టుకుంది.

"ఎక్కు."

"నాకు రాదంటుంటే..."

"తోలమనలేదు. ఇంజను ఆపేశాను. ముడతలొస్తున్నాయేమో చూడు. కూర్చుంటేనే కదా తెలిసేది."

సీట్లాయన అటూ ఇటూ చూశాడు. చెప్పులు విడిచాడు. అరికాళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. ఎక్కి కూర్చున్నాడు. చాలాసేపు స్టీరింగు ముట్టుకోలేదు. చెయ్యి మాత్రం అలవాటుగా సీటు అంచు వెంట పోయింది. బొటనవేలు ఒకచోట ఆగింది.

"ఈ కుట్టు ఎవడు వేశాడు?" అన్నాడు.

"కంపెనీ వాళ్ళు."

"కళ్ళు మూసుకుని వేశారా? చూడు, నాలుగు వేళ్ళ మేర దారం వదులు. ఏడాది తిరక్కుండా విచ్చుకుంటుంది. దీన్నా నువ్వు కొన్నది! రేపు మొత్తం విప్పేస్తాను. నీకు తెలుసా, నేనొకసారి కదులుతున్న కారుకి సీట్లు కుట్టాను, డ్రైవరుకి తెలియకుండా, అతని కింద నుంచి..."

"నాన్నా!"

"సరే సరే."

మెకానిక్ కిటికీలోంచి తొంగి చూసి పగలబడి నవ్వాడు. లోపల సీట్లాయన రెండు పాదాలూ ఒకే పెడల్ మీద ఉన్నాయి.

"ఎడమ కాలు తియ్యి మామయ్యా! అది బ్రేకు!"

"బ్రేకేగా, ఉండనీ. ఎక్కడికీ పోకుండా."

"రైట్, రైట్!" అని కారు మీద రెండుసార్లు తట్టాడు కండక్టరు. కారు కదలలేదు. కూతురు అవతలి తలుపు తీసి పక్కన కూర్చుంది. టీకొట్టు ఆవిడ రెండు గ్లాసులు కిటికీలోంచి అందించింది. ఈసారి సీట్లాయన చల్లారకముందే తాగేశాడు.

మధ్యాహ్నమైంది. మెకానిక్ భోజనానికి వెళ్ళి వచ్చాడు. సీట్లాయన ఇంకా అక్కడే ఉన్నాడు.

"ఏం మామయ్యా, తలుపు తియ్యడం రాలేదా? ఎవరైనా వచ్చి తియ్యాలా, ఆ సినిమా హాలు వాళ్ళబ్బాయిలాగా?"

"తియ్యడం వచ్చయ్యా" అన్నాడు సీట్లాయన, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని. "ఎవరూ దిగమనడం లేదు. అందుకని."

అమ్మాయీ, ఇది నువ్వొకసారి చదివి పేర్లు సరిచూడు. గొడుగు మిల్లు వాళ్ళబ్బాయి, తలుపు సినిమా హాలు వాళ్ళబ్బాయి అని రాశాను, అటూ ఇటూ అయ్యాయేమో. ఆ రోజు నువ్వు తెచ్చిన కారు నీలమో ఆకుపచ్చో కూడా గుర్తు రాక వదిలేశాను. మీ నాన్నని మాత్రం అడగకు. అప్పటికింకా రంగే వేయలేదని చెబుతాడు.